తక్కువ లెక్క

శుక్రవారం సాయంత్రం కాగానే వంటింటి బల్ల మీద గిన్నెలు తీసేసి, తడిగుడ్డతో ఓసారి తుడిచి, ముగ్గురు ఆడవాళ్లూ మూడు కాగితాలు ముందేసుకుని కూర్చునేవారు. వారం మొత్తం మీద అయిన చిల్లర ఖర్చులు ఆ కాగితంలో రాయాలి. కూరలు, పాలు, బస్సు, ఫోను, మందులు, చిట్టచివర సొంత ఖర్చులు. కింద సంతకం పెట్టి సోమవారం పొద్దున్నే ఇన్‌ఛార్జికి ఇవ్వాలి. వడ్రంగి విసుక్కుంటూ రాసేది. నర్సు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ, మధ్యమధ్య పైకి చూసి పెదవులు కదుపుతూ రాసేది. ఆమె మాత్రం రెండు నిమిషాల్లో ముగించేసేది. ముగ్గురూ కలిసి కొనే కూరలూ పాలలో తన వంతు వేసి, మిగతా గళ్లన్నిట్లో సున్నాలు చుట్టేది. బస్సు సున్నా, ఫోను సున్నా, మందులు సున్నా, సొంత ఖర్చులు సున్నా.

"అప్పుడే అయిపోయిందా!" అనేది నర్సు.

"నాకేం ఖర్చులుంటాయమ్మా" అనేది ఆమె. ఆ మాట అంటున్నప్పుడు లోపలెక్కడో చిన్న పొంగు. క్లాసులో అందరికంటే ముందు లెక్క చేసి, పలక ఎత్తి చూపించిన పిల్లకి ఉంటుందే, అలాంటి పొంగు.

ఆమెకి యాభై ఆరేళ్లు. ముప్ఫై ఒక్క ఏళ్లు పెద్దాసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేసి కిందటేడు రిటైరైంది. పరాయి దేశంలో ఉన్న ఈ కేంద్రం కాళ్లు పోగొట్టుకున్నవాళ్లకి కృత్రిమ కాళ్లు అమర్చి, మళ్లీ నడక నేర్పుతుంది. పాత సహోద్యోగి ఒకావిడ చెబితే దరఖాస్తు పెట్టుకుంది. పది నెలలు వాలంటీరుగా పని చెయ్యాలి. జీతం ఉండదు. టిక్కెట్లు వాళ్లే కొంటారు, ఉండడానికి ఇల్లిస్తారు, చేతి ఖర్చులకి నెలనెలా కొంత అలవెన్సు ఇస్తారు. ఈ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు, చదువుతున్న పేపరు దించకుండానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "మనకెంత వదులుతుంది?" అని.

"చిల్లిగవ్వ ఖర్చు లేదు" అంది.

అప్పుడు పేపరు దించాడు. "అయితే వెళ్లు. ఊరికే చూపిస్తామంటే వద్దంటామా?"

బయల్దేరే రోజు సాగనంపడానికి వచ్చిన తోడికోడలితో "మా ఆవిడకి ఖర్చే ఉండదు. ఎక్కడ పడేసినా బతికేస్తుంది" అని కూడా అన్నాడు. వెటకారంగా కాదు, గర్వంగానే. తోడికోడలు ఆమె వైపు చూసి కళ్లతో ఏదో అంది. పెట్టెలు ఎక్కించే హడావుడిలో అదేమిటో ఆమె పట్టించుకోలేదు.

ఇక్కడ ఇంట్లో ముగ్గురివీ మూడు దేశాలు. ముగ్గురిదీ అరకొర ఇంగ్లీషే, కానీ దెబ్బలాడుకోవడానికీ నవ్వుకోవడానికీ అది సరిపోయింది. నర్సుకి ఇరవై ఎనిమిదేళ్లు. కోత పెట్టిన గాయాలకి కట్లు కడుతుంది. మూడేళ్ల కూతుర్ని తల్లి దగ్గర వదిలి వచ్చింది. వడ్రంగి నలభై దాటిన మనిషి. చేతికర్రలూ, పట్టుకుని నడవడానికి కమ్మీలూ, మెట్ల బదులు వాలుబల్లలూ చేస్తుంది. ఆడమనిషి చేతిలో రంపం చూసి మొదటిరోజు ఆమె నోరు తెరిచింది గానీ, వారం తిరిగేసరికి విరిగిన గరిటె దగ్గర్నుంచి బిగుసుకుపోయిన కిటికీ వరకూ వడ్రంగికే చూపించడం అలవాటైపోయింది.

నిజానికి ఆ సున్నాలు సున్నాలు కావు. ఆమె పెట్టెలో, బట్టల అడుగున ఒక గోధుమరంగు కవరుంది. అందులో ఆమె సాయంత్రాల డబ్బుంది. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆసుపత్రి అయ్యాక నేరుగా ఇంటికి పోకుండా, పక్షవాతం వచ్చిన వాళ్ల ఇళ్లకి వెళ్లి, అరగంట చొప్పున కాళ్లూ చేతులూ ఆడించి వచ్చేది. అలా వచ్చినదాంట్లో ఇంట్లోకి పోగా మిగిలిన కాస్తా మార్చుకుని తెచ్చుకుంది. సబ్బు అందులోంచే. మోకాలికి రాసుకునే మందు అందులోంచే. జోరున వాన పడిన రోజు బస్సెక్కితే అదీ అందులోంచే. మామూలు రోజుల్లో బస్సు కూడా ఎక్కేది కాదు, కేంద్రానికి నలభై నిమిషాలు నడిచేది. పొద్దంతా రోగులకి "మోకాలి మీద బరువు పడనివ్వకండి" అని చెప్పి చెప్పి, సాయంత్రం తన మోకాలిని ఈడ్చుకుంటూ ఇంటికొచ్చేది. అలవెన్సులో మిగిలినదంతా కవర్లో పెట్టి ఇన్‌ఛార్జికి వాపసు చేసేది. మొదటిసారి ఇన్‌ఛార్జి ఆ కవరు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇలా ఎవరూ ఇవ్వలేదే" అంది. ఆ మాట ఆమెకి రెండు రోజులు తిండి పెట్టింది.

సొంత డబ్బుతో కొన్నా ఖర్చు ఖర్చే కదా, ఎందుకు రాయలేదూ అని ఎవరైనా అడిగితే ఆమె చెప్పలేకపోయేది. మనసు ఆలోచించి చేసిన పని కాదది, చెయ్యి చేసేసిన పని. ఆ చేతికి ఆ పని నేర్పిన రోజొకటి ఉంది. కొడుక్కి అప్పటికి ఏడాది నిండింది. ఆమె జీతం ఇంటి అప్పుకి, ఆయన జీతం ఇంటి ఖర్చుకి అని ఏర్పాటు. ఏర్పాటు చేసింది ఆయనే. ఇల్లు కూడా ఆయన పేరు మీదే ఉంది. ఒకటో తారీఖున ఆయన ఇచ్చే డబ్బు ఇరవయ్యో తారీఖు దాకా కూడా రావడం లేదని ఓ ఆదివారం ధైర్యం చేసి చెప్పింది. "పుస్తకం పట్రా" అన్నాడు. హాల్లో మరిది ఉన్నాడు, అత్తగారున్నారు. ఆయన పెన్సిల్ తీసుకుని ఒక్కో పద్దూ పైకి చదువుతూ, పక్కన టిక్కు పెడుతూ వచ్చి, ఒకచోట ఆగి సున్నా చుట్టాడు. "ఇతర అని రాశావు. ఏంటీ ఇతర?" ఆ ఇతర రెండు జతల లోపలి బట్టలూ, నెలసరికి వాడుకునేవీ. మరిది ఎదురుగా ఏమని చెబుతుంది? నేల చూపులు చూసింది. "ఏంటో నోటితో చెప్పలేని ఖర్చు పెట్టడమెందుకు మరి?" అన్నాడాయన. మరిది నవ్వాడు. "మా రోజుల్లో ఈ ఇతరలు ఉండేవి కాదమ్మా" అన్నారు అత్తగారు. ఎవరూ అరవలేదు, ఎవరూ కొట్టలేదు. కాఫీ తాగి అందరూ లేచిపోయారు. ఆ పై నెల నుంచి పుస్తకంలో ఆ పద్దు లేదు. అది లేకపోయాక, పిల్లాడి పద్దులూ అత్తగారి పద్దులూ తప్ప, ఆమెదని చెప్పుకోవడానికి ఆ పుస్తకంలో ఒక్క పద్దూ లేదు.

సాయంత్రాలు వెళ్లడం మొదలుపెట్టింది అప్పుడే. వచ్చిన డబ్బు ఇంటి డబ్బులో కలిపేసేది, పుస్తకంలో మాత్రం ఆయనిచ్చినంతే చూపించేది. ఆమె వెళుతుందని ఆయనకి తెలుసు. ఎంతిస్తారని ఏనాడూ అడగలేదు. అడిగితే ఆ డబ్బు ఎటు పోతోందో కూడా అడగాల్సి వచ్చేది. "చూశావా, అదే డబ్బు! మనసు పెడితే ఎందుకు సరిపోదు?" అన్నాడు. అత్తగారు చుట్టాలందరి ముందూ "మా కోడలు గట్టిది" అని చెప్పుకున్నారు. ఆ ఒక్క మాట కోసం ఆమె ఇరవై ఎనిమిదేళ్లు సాయంత్రాలు నడిచింది.

వచ్చిన రెండో నెలలో, ఒక ఆదివారం పొద్దున కోడలు ఫోన్ చేసింది. కోడలు పాప పుట్టాక ఉద్యోగం మానేసింది. ఆమె ఇటు రావడంతో ఇంటి ఖర్చు కోడలి చేతికి వెళ్లింది.

"అత్తయ్యా, ఒక్కమాట అడుగుతాను, నవ్వకండి. మీరు ఎలా నడిపేవారు?"

"ఏం నడపడమమ్మా?"

"ఇల్లు. ఇరవయ్యో తారీఖుకే చేతులెత్తేస్తున్నాను. ఇంకొంచెం కావాలంటే మీ అబ్బాయి 'అమ్మ ఎప్పుడూ సరిపోలేదు అనలేదే' అంటున్నారు. మావయ్యగారైతే మీ పాత పుస్తకాలన్నీ అటకమీంచి దింపి, దుమ్ము దులిపి నా ముందు పెట్టారు, చూసి నేర్చుకోమని. చూశాను. మీరు అంతలో ఎలా చేశారో ఎంత చూసినా అర్థం కావట్లేదు. ఆ కిటుకేదో చెప్పండి, పుణ్యముంటుంది."

నవ్వుతూనే అడిగింది. ఆమె ఏం చెప్పాలి? మార్కెట్టు మూసే వేళకి వెళ్లమంది. సబ్బు ముక్కలు పారేయకుండా ఒకదానికొకటి అతికించుకోమంది. నూనె కొలిచి పొయ్యమంది.

"అవన్నీ చేస్తున్నానత్తయ్యా. నాకు పళ్లు తెచ్చుకోవడం కూడా మానేశాను."

పాలిస్తున్న తల్లి. ఆ మాట విన్నప్పుడైనా నోరు తెరవాల్సింది. "పోన్లే అమ్మా, మెల్లిగా అలవాటైపోతుంది" అని పెట్టేసింది. పెట్టేశాక కుదురుగా కూర్చోలేకపోయింది. ఎవరూ చెప్పకుండానే ఫ్రిజ్ ఖాళీ చేసి, అరలన్నీ ఊడదీసి కడిగింది. వడ్రంగి వచ్చి చూసి, "నీకు కోపమొచ్చిందా, బెంగొచ్చిందా?" అనడిగింది. "మురికిగా ఉంటేనూ" అంది ఆమె. ఫ్రిజ్ అంతకుముందు వారమే కడిగారు.

మూడు నెలలు నిండాక పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. వడ్రంగి వంటింట్లో నిలబడే పైకి చదివింది. ఈ ఇంట్లోని ఒక వాలంటీరు చూపుతున్న పొదుపు ఎంతో అభినందనీయమట. ఆవిడ లెక్కలనుబట్టి చూస్తే ఇప్పుడిస్తున్న అలవెన్సు అవసరానికి మించి ఉందని తేలిందట. కాబట్టి వచ్చే నెల నుంచి ముగ్గురికీ మూడో వంతు తగ్గిస్తున్నారట. ఇకముందు రాబోయే వాలంటీర్లకి కూడా అంతేనట.

అభినందనీయం అన్న మాట దగ్గర ఆమె మొహం వెలిగింది. మూడో వంతు అన్నచోట ఆరిపోయింది.

నర్సు ఫోను తీసి చూసుకుని, బల్ల మీద బోర్లించింది. ఆ పిల్ల సబ్బు దగ్గర వెనకాడేది, బట్టల దగ్గర వెనకాడేది, ఫోను దగ్గర మాత్రం వెనకాడేది కాదు. రోజూ సాయంత్రం ఆరింటికి పావుగంట. కూతురు అన్నం తింటూ ఉంటే ఇక్కణ్ణుంచి కబుర్లు చెప్పేది. "వారానికి మూడు రోజులు చేస్తాలే" అంది చివరికి, ఎవరితోనూ కానట్టు. "పెద్దదవుతోంది కదా. అర్థం చేసుకుంటుంది."

వడ్రంగి కుర్చీ లాక్కుని ఆమెకి ఎదురుగా కూర్చుంది.

"అక్కా, ఒకటడుగుతాను. మూడు నెలల్లో నువ్వు ఒక్క సబ్బు కూడా కొనుక్కోలేదా?"

"కొన్నాను."

"బస్సు? ఆ పెద్దవాన రోజు నువ్వు తడవకుండా వచ్చావు. గొడుగు నా దగ్గరుంది."

"ఎక్కాను."

"మోకాలికి రాసుకునేది? దాని ఘాటు నా గది దాకా వస్తుంది."

"నా డబ్బుతో కొనుక్కున్నాను" అంది ఆమె. "అందుకే రాయలేదు. ఎవరికీ బరువు కాకూడదని..."

"ఎవరికీ బరువు కాలేదు మరి" అని వడ్రంగి తలతో నర్సు వైపు చూపించింది. "నువ్వు పొదుపు చెయ్యలేదక్కా. తక్కువ రాశావు. అవి రెండూ ఒకటి కాదు."

నర్సు "పోనీలే, ఊరుకో" అంది. ఆ పిల్ల ఊరుకోమనడంతో ఆమెకి ఇంకా సిగ్గేసింది. లేచి తన గదిలోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసి మంచం మీద కూర్చుంది.

కోపం వచ్చిందా అంటే వచ్చింది, మొదట వడ్రంగి మీదే. మంచి చేయబోతే చెడ్డ పేరా అనుకుంది. కానీ ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు. వడ్రంగి మాటే బుర్రలో తిరుగుతోంది. తక్కువ రాశావు. తనెప్పుడూ అలా అనుకోలేదు. సర్దుకున్నాననుకుంది, గుట్టుగా నడుపుకొచ్చాననుకుంది, గట్టిదాన్ననుకుంది. అబద్ధం రాస్తున్నానని ఒక్కనాడూ అనుకోలేదు. లేనిది ఉన్నట్టు రాస్తేనే కదా అబద్ధం, ఉన్నది లేనట్టు రాస్తే ఎవరికి నష్టం? తనకే కదా, తన నష్టం తన ఇష్టం, అనుకుంది. ఇప్పుడు ఆ నష్టం ఎవరెవరి దాకా వెళ్లిందో చూస్తోంది. నర్సు కూతురు వారానికి నాలుగు రోజులు తల్లి గొంతు వినకుండా అన్నం తినాలి. ఆ పిల్లని ఆమె చూడను కూడా చూడలేదు. రేపెప్పుడో ఈ మంచం మీద పడుకోబోయే వాలంటీరు ఎవరో, ఏ దేశం మనిషో, బస్సు డబ్బుల్లేక మోకాళ్లు ఈడ్చుకుంటూ నడవాలి. ఇంతలో, అక్కడెక్కడో కాదు, తన సొంత హాల్లో, తన దస్తూరీతో ఉన్న పుస్తకాలు ముందేసుకుని, చంటిపిల్లని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న కోడలు కళ్ల ముందుకొచ్చింది. ఆ పుస్తకాల్లో ఏం కిటుకుందని ఆ పిల్ల వెతుకుతుంది? ఉన్న కిటుకు పుస్తకంలో రాయలేదు. ఆ పిల్లకి సాయంత్రాల సంపాదన లేదు. పళ్లు మానేసింది. తర్వాత ఇంకేం మానేస్తుంది? పెన్సిల్ పట్టుకుని అడిగింది ఆ రోజు ఆయన. ఇప్పుడు కోడల్ని అడుగుతున్నది తన పుస్తకమే.

బయటికి వచ్చేసరికి ఇద్దరూ ఇంకా బల్ల దగ్గరే ఉన్నారు.

"నాకు మూడు నెలలూ గుర్తు చెయ్యండి" అంది. "ఉన్నదున్నట్టు రాస్తాను."

ఆ ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టారు. పోలీసు విచారణలా సాగింది. వడ్రంగి అడగడం, నర్సు గుర్తుచెయ్యడం, ఆమె ఒప్పుకోవడం.

"దువ్వెన?"

"కొనలేదు. తెచ్చుకున్నాను."

"జలుబు చేసిందే, ఆ మాత్రలు?"

"అవును, కొన్నాను."

"బేకరీలో బన్ను తింటుంటే ఒకసారి చూశాను" అంది నర్సు.

"అది కూడా చూశావా!"

"ఒకటి కాదు, రెండు."

"రెండోది రుచి బాగుంటేనూ" అంది ఆమె, దొంగతనం ఒప్పుకున్నట్టు. ముగ్గురూ పగలబడి నవ్వారు. ఆమె ఎంత నవ్విందంటే, కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. ఆ జోడుకి ఒకవైపు కాడ విరిగి దారంతో కట్టి ఉంది. వడ్రంగి దాన్ని చేతిలోకి తీసుకుని చూసింది.

"కొన్నవి రాశావు. కావాల్సి ఉండీ కొననివి కూడా చెప్పు."

"అవి లెక్కలో రాయకూడదుగా!"

"రాయకు. నాకు చెప్పు."

ఏం కావాలని ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందో. కళ్లజోడు అంది. మెత్తటి అడుగు ఉన్న బూట్లు అంది. కాస్త ఆగి, "పదకొండింటికి మీరందరూ కేంద్రం ఎదురు కొట్టుకి టీకి వెళతారు కదా" అంది.

"నీకు టీ అలవాటు లేదన్నావు!"

"ఉంది. రోజుకి మూడుసార్లు తాగేదాన్ని ఇంటి దగ్గర."

మూడు నెలలు రోజూ పదకొండింటికి అందరూ బిలబిలా రోడ్డు దాటి వెళ్లిపోతే, ఆమె ఒక్కతే కమ్మీల పక్కన స్టూలు మీద కూర్చుని, గ్లాసుడు మంచినీళ్లు తాగేది. ఒక కప్పు టీ ఖరీదు ఎంతో ఆమెకి తెలియనే తెలియదు. ఇది విని ఈసారి ఎవరూ నవ్వలేదు. నర్సు లేచి పొయ్యి మీద నీళ్లు పెట్టింది.

సోమవారం ఇన్‌ఛార్జి గదిలోకి వెళ్లింది. ఇన్‌ఛార్జి ముక్కుసూటి మనిషి. నవ్వితే కూడా లెక్కగా నవ్వుతుంది. ఆమె పన్నెండు కాగితాలు బల్ల మీద పెట్టి, "ఇంతకుముందు ఇచ్చినవన్నీ తప్పండీ, ఇవి సరైనవి" అంది.

ఇన్‌ఛార్జి పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టుకుని చూసింది. "ఎందుకు తగ్గించి రాశారు?"

ఎన్నో జవాబులు సిద్ధం చేసుకుని వచ్చింది. తీరా "మంచి పేరు కోసం" అన్న మాట బయటికొచ్చింది.

ఇన్‌ఛార్జి కలం కింద పెట్టింది. "మీ రోగి ఇవాళ ఇరవై అడుగులు నడిస్తే, చార్టులో పది అని రాస్తారా?"

"అయ్యో, ఎందుకు రాస్తాను!"

"రాస్తే ఏమవుతుంది?"

"రేపు వచ్చే డాక్టరు అతనికి పది అడుగులకి సరిపోయే వైద్యమే చేస్తాడు."

"మరి?" అంది ఇన్‌ఛార్జి. అంతకుమించి తిట్టలేదు. పై ఆఫీసుకి రాస్తానంది, వాళ్లు ఒప్పుకుంటారని మాత్రం మాటివ్వలేనంది. ఆమె తలుపు దాకా వెళ్లాక వెనక నుంచి, "వాపసు ఇచ్చిన డబ్బులో మీకు రావాల్సింది లెక్కకట్టి ఇస్తాను. తీసుకోవాలి" అంది.

ఆ సాయంత్రమే ఇంటికి ఫోన్ చేసింది. ముందు కోడలితో మాట్లాడింది. ఉన్నదున్నట్టు చెప్పేసింది. అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"నేనే చేతకానిదాన్ననుకున్నాను అత్తయ్యా."

"కాదమ్మా. నీకు తప్పుడు పుస్తకం ఇచ్చారు. అది రాసింది నేను. ఫోను వాడికివ్వు. మావయ్యగారున్నారా? అయితే అందరికీ వినపడేలా పెట్టు."

కొడుకు వచ్చాడు. "ఏంటమ్మా, ఒంట్లో బాగుందా?"

"బాగుందిరా. చెప్పేది విను. మీ నాన్న ఇంటి ఖర్చుకిచ్చే డబ్బు ఎప్పుడూ సరిపోలేదు. ఒక్క నెల కూడా సరిపోలేదు."

"అదేంటి? నువ్వెప్పుడూ అనలేదే!"

"ఒకసారి అన్నాను. తర్వాత మానేశాను. సాయంత్రాలు నేను తెచ్చింది అందులో వేసి నడిపాను. పుస్తకంలో రాయలేదు. అంతకంటే కిటుకేం లేదు. ఇంకెప్పుడూ 'అమ్మ నడిపింది' అని ఆ పిల్లతో అనకు. అమ్మ నడపలేదు."

వెనక నుంచి ఆయన గొంతు. "అంటే ఇన్నేళ్లూ ఈ ఇల్లు నేను నడపలేదంటావా?"

"సగం నడిపారు" అంది ఆమె.

"మరి నోరు తెరిచి చెప్పలేదేం?"

"చెబితే మెచ్చుకోవడం మానేస్తారని."

అవతల నిశ్శబ్దం. ఆయన మౌనాలు ఆమెకి కొట్టినపిండి. ఆయన అలా ముడుచుకున్నప్పుడల్లా "పోనీలెండి, ఏదో అన్నాను" అని తనే ముందు తగ్గి, ఆ మౌనాన్ని తుడిచేసేది. ఇప్పుడూ ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. బయటికి రానివ్వలేదు. ఫోను పెట్టెయ్యనూ లేదు, ఓదార్చనూ లేదు. పాప ఏదో కింద పడేసిన చప్పుడైంది. గోడ గడియారం టిక్కుటిక్కులు వినపడ్డాయి. మనిషిని తన మౌనంలో కాసేపు కూర్చోనిస్తే కొంపలేమీ మునగవని ఆమెకి ఇన్నేళ్లకి తెలిసింది.

చివరికి ఆయనే, "సరే, బిల్లెక్కువవుతుంది. పెట్టెయ్" అన్నాడు.

"అవనివ్వండి" అంది ఆమె. "పాపని ఒకసారి చూపించమనండి."

పదకొండు రోజులకి పై ఆఫీసు జవాబు వచ్చింది. అలవెన్సు తగ్గించడం లేదు. వడ్రంగి చదవడం పూర్తికాకముందే నర్సు ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది. అప్పటికి ఆరు కావస్తోంది. అదే ఊపులో ఫోను తీసి కూతురికి కలిపింది, ఆమెనీ వడ్రంగినీ కూడా చూపించింది. బుగ్గ నిండా అన్నం పెట్టుకున్న ఓ పిల్ల వాళ్లని అనుమానంగా చూసింది. ఆమె ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. రెండు వారాలుగా గుండెల మీద కూర్చున్నదేదో దిగి వెళ్లిపోయినట్టు, ఒళ్లు మరచి నిద్రపోయింది.

ఇంటి దగ్గరి సంగతులు కోడలు చెబుతూ వచ్చింది. మావయ్యగారు వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. ఎనిమిదో రోజు, "ఎందుకు సరిపోదో నేనే చూస్తాను" అని సంచి పట్టుకుని మార్కెట్టుకి వెళ్లారట. సగం సరుకులతో, మొత్తం డబ్బు అయిపోయి తిరిగొచ్చారట. ఆ కొట్టువాడు దొంగ అన్నారట. మర్నాడు ఇంకో కొట్టుకి వెళ్లారు. వాడూ దొంగే. మూడో వారానికి దొంగల్ని తిట్టడం మానేసి, ఒకటో తారీఖున ఇచ్చేదాన్ని తనంతట తనే పెంచారు. కొడుకూ తన వాటా పెంచాడు. సరుకులు మాత్రం ఇప్పటికీ మావయ్యగారే తెస్తున్నారు, ఎందుకో మరి పంతం. "పళ్లు కూడా తెస్తున్నారత్తయ్యా. పుల్లటివే, కానీ తెస్తున్నారు" అంది కోడలు. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు.

ఆరో నెలలో ఒకరోజు, పదకొండింటి వేళ, ఆయనే ఫోన్ చేశాడు. ఆయనంతట ఆయన చెయ్యడం అదే మొదటిసారి. ఆమె ఎదురు కొట్టులో బల్ల మీద వడ్రంగి పక్కన కూర్చుని టీ తాగుతోంది. ఫోను పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చింది. ఆయన ఎండల గురించి మాట్లాడాడు, పాపకి కొత్తగా మొలిచిన పళ్ల గురించి మాట్లాడాడు. గొంతు సవరించుకున్నాడు.

"నువ్వొచ్చాక నెలకి ఎంతివ్వమంటావో ఇప్పుడే చెప్పు. నీ నోటితో నువ్వే చెప్పు. తర్వాత మళ్లీ సరిపోలేదు అనుకోవడం ఎందుకు?"

ఆయన వైపు నుంచి చూస్తే అది చాలా పెద్ద మాట. ముప్ఫై ఏళ్లలో అడగని ప్రశ్న అడుగుతున్నాడు. అంత పొడుగు మనిషి అంత చిన్న గొంతుతో అడుగుతుంటే ఆమెకి జాలేసింది, కొంచెం ముద్దుగా కూడా అనిపించింది. ఆరు నెలల కిందటైతే సంతోషంతో ఉక్కిరిబిక్కిరై, గబగబా ఏదో ఒక అంకె చెప్పేసేది. కావాల్సినదానికంటే తక్కువే చెప్పేది. తక్కువ చెబుతున్నానని తనకే తెలియకుండా చెప్పేది. రోడ్డు అవతల కేంద్రం గుమ్మంలో, కొత్త కాలు పెట్టించుకున్న ఒక పెద్దాయన వాలుబల్ల మీద ఎండలో కూర్చుని, టీ అయ్యాక ఆమె వస్తుందని చూస్తున్నాడు.

"నాకేమీ ఇవ్వకండి" అంది.

"అదేంటి? కోపమా?"

"కోపం కాదు. ఇన్ని రోజులుగా మీరే తెస్తున్నారు, మీ చేతికి అలవాటైంది. నేనొచ్చాక కూడా మీరే నడపండి. నా పెన్షన్ నా దగ్గరుంటుంది. నెలకి నా వంతు ఎంతో చెప్పండి, ఒకటో తారీఖున మీ చేతికిస్తాను."

అవతల గోడ గడియారం టిక్కుటిక్కులు వినపడుతున్నాయి. ఆమె తొందరపెట్టలేదు.

"ఇల్లు నేను నడిపితే..." అన్నాడు ఆయన మెల్లిగా, "మరి నువ్వేం చేస్తావు?"

"ఇంకా ఏమీ అనుకోలేదండీ" అంది ఆమె. "టీ చల్లారిపోతోంది, ఉంటాను."